చక్రాల ఇంట్లో ఆరు రోజులు

ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగినవాళ్లకు చక్రాల మీది ఇల్లు కొత్త కాదు. రైల్వే యార్డులో ఏదో ఒక సైడింగ్ మీద ఎప్పుడూ రెండు మూడు పాత బోగీలు నిలబడి ఉండేవి. కిటికీ చువ్వలకు లుంగీలు, తువ్వాళ్లు ఆరేసి ఉండేవి. లోపలి నుంచి పోపు వాసన వచ్చేది. అవి క్యాంపు కోచ్‌లు. పట్టాలు సరిచేసే యంత్రాల మీద పనిచేసే సిబ్బంది నెలల తరబడి వాటిలోనే వండుకుని, తిని, పడుకునేవారు. పని ఎక్కడుంటే ఇల్లు అక్కడికి పోయేది. ప్రయాణికులను మోసే వయసు దాటిపోయిన బోగీలకు ఈ డ్యూటీ పడేది. వాటి సీట్లు పీకి బంకులు, వంట అరుగు, నీళ్ల ట్యాంకు బిగించే పనిలో మా నాన్న చాలా ఏళ్లు గడిపారు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులోని క్యారేజ్ షాపులో ఆయన ఫిట్టరు.

అందుకే 2024 జూలైలో మినియాపొలిస్ శివార్లలోని అన్నయ్య ఇంటి ముందు అద్దె ఆర్‌వీ వచ్చి ఆగినప్పుడు పిల్లలిద్దరూ కేకలేస్తూ లోపలికి దూరితే, నాన్న మాత్రం వంగి దాని అడుగు భాగం చూశారు. ఆర్‌వీ అంటే రిక్రియేషనల్ వెహికల్. లారీ ఛాసిస్ మీద కట్టిన 28 అడుగుల ఇల్లు. ఆరుగురికి పడకలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది, మరుగుదొడ్డి, జనరేటర్ అన్నీ అందులోనే. మామూలు కారు లైసెన్సు ఉంటే చాలు, నడపొచ్చు. నాన్న లేచి చేతులు దులుపుకుని, ‘‘దీని పీఓహెచ్ ఎప్పుడైందిరా?’’ అని అడిగారు. మన రైలు పెట్టెల చివరి గోడ మీద ఆ వివరం రాసి ఉంటుంది. పూర్తి మరమ్మతు ఏ వర్క్‌షాపులో జరిగిందో, మళ్లీ ఎప్పుడు వెళ్లాలో. చిన్నప్పుడు ఏ స్టేషన్లో రైలెక్కినా నాన్న ముందు ఆ రాత చూసేవారు. ‘కేజీపీడబ్ల్యూ’ అని ఉంటే మా ఊరి పెట్టె. ఆ ప్రయాణమంతా ఆయన మొహం వెలిగిపోతూ ఉండేది. ఆర్‌వీ మీద అలాంటి రాతేమీ లేదు. అద్దె కంపెనీ స్టిక్కరు మాత్రం ఉంది.

ఈ విహారయాత్ర వెనుక అన్నయ్యకు ఒక పథకం ఉంది. అమ్మ పోయి అప్పటికి మూడేళ్లు. 75 ఏళ్ల నాన్న సుభాష్‌పల్లి ఇంట్లో ఒంటరిగా ఉంటున్నారు. ఆ ఇల్లు అమ్మేసి, వేసవి అమెరికాలో తన దగ్గర, మిగతా నెలలు హైదరాబాద్‌లో నా దగ్గర గడపాలన్నది అన్నయ్య ప్రతిపాదన. ఆరు రోజులు ఒకే కప్పు కింద ఉంటే ఎక్కడో ఒక సరస్సు ఒడ్డున ఆ మాట ఒప్పించవచ్చని ఆశ. నేను ఎటూ మాట్లాడలేదు. రాజనీతి శాస్త్రం చదివినందుకు నాకు వంటబట్టిన విద్య అదొక్కటే కాబోలు.

ఆ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే శతాబ్దం క్రితం ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా, వర్క్‌షాపు ఊరుగా మార్చినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి జనం రైలెక్కి వచ్చేశారు. పలాస దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన మా తాత పట్టాల గ్యాంగ్‌లో కూలీ. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే ఆ వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు అక్కడే ఉండిపోవడం వల్లే. కానీ ఉండిపోయినవాళ్లలో చాలామందికి సొంత గోడలు లేవు. నేను పుట్టింది మథురాకాటిలోని రైల్వే క్వార్టర్లో. రైల్వే క్వార్టరుకు పునాది ఉంటుంది గానీ, అదీ ఒక రకంగా చక్రాల ఇల్లే. ఉద్యోగం అయిపోయిన రోజు నుంచి కదలడం మొదలవుతుంది. 2009లో రిటైరై, పీఎఫ్ డబ్బుతో సుభాష్‌పల్లిలో రెండు గదుల పాత ఇల్లు కొనుక్కున్నప్పుడు నాన్నకు 60 ఏళ్లు. మూడు తరాల్లో మా ఇంటి పేరున రిజిస్టరైన మొదటి గోడలు అవి.

మినియాపొలిస్ నుంచి వాయవ్యంగా దాదాపు 350 కిలోమీటర్లు పోతే ఇటాస్కా స్టేట్ పార్కు. ‘పది వేల సరస్సులు’ అని మినెసోటా నంబర్‌ప్లేట్ల మీద రాసుకుంటారు. పదెకరాలు దాటినవే లెక్కేస్తే అక్కడ 11,842 సరస్సులు తేలాయట. గొప్పలు చెప్పుకోవడంలో ఇంత పిసినారితనం నేను ఇంకెక్కడా చూడలేదు. ఆర్‌వీ లీటరుకు నాలుగు కిలోమీటర్లు కూడా ఇవ్వలేదు. నాన్న ప్రతి పెట్రోలు బంకు దగ్గరా రూపాయల్లోకి మార్చి, పైకి చెప్పకుండా మానేసేవారు. దారి పొడవునా పైన్ చెట్లు, వాటి సందుల్లో తటాలున మెరిసి మాయమయ్యే నీళ్లు. రాత్రి తొమ్మిదిదాకా వెలుతురు. ఆ వెలుతురు పోగానే దోమలు. ఖరగ్‌పూర్ దోమలకు అలవాటు పడిన చర్మం కూడా వాటికి లొంగిపోయింది.

ఇటాస్కా సరస్సులోంచి మిసిసిపి నది పుడుతుంది. పుట్టినచోట అది మోకాళ్ల లోతు వాగు. రాళ్ల మీద అడుగులేస్తూ అవతలి ఒడ్డుకు పోవచ్చు. మా మేనకోడలు పది నిమిషాల్లో మిసిసిపిని ఎనిమిదిసార్లు దాటింది. 1832లో హెన్రీ స్కూల్‌క్రాఫ్ట్ ఈ జన్మస్థానాన్ని ‘కనుగొన్నాడు’ అని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. అతన్ని పడవలో అక్కడికి తీసుకుపోయింది ఒజావిండిబ్ అనే ఒజిబ్వే నాయకుడు. ఒజిబ్వేలు ఆ సరస్సును తమ భాషలో ఎల్క్ దుప్పి పేరుతో పిలిచేవారు. స్కూల్‌క్రాఫ్ట్ లాటిన్‌లో సత్యం, శిరస్సు అనే అర్థాలున్న ‘వెరిటాస్ కాపుట్’ అన్న మాటలను పక్కపక్కన పెట్టి, తలా తోకా కోసి, మధ్యలో మిగిలిన ముక్కకు ‘ఇటాస్కా’ అని పేరు పెట్టాడు. వినడానికి అచ్చం అక్కడి ఆదివాసీ పేరులాగే ఉంటుంది. ఉన్న పేరు తీసేసి, ఉన్నట్టనిపించే పేరు పెట్టడం! నది మొదట్లో నిలబెట్టిన దుంగ మీద పొడవు 2,552 మైళ్లు అని చెక్కి ఉంది. ఇప్పటి లెక్క 2,340 మైళ్ల దగ్గర ఉంది. వంకరలు సరిచేసి నదిని పొట్టి చేశారని అన్నయ్య చెబితే, ‘‘రైలు లైను అయితే టికెట్టు తగ్గించాల’’ అన్నారు నాన్న.

క్యాంపు మైదానంలో మా పక్క స్థలం ఒక ముసలి దంపతులది. వాళ్లు అక్కడి వలంటీర్లు. వేసవంతా అక్కడే ఉండి వచ్చేపోయేవాళ్లకు సాయం చేస్తే స్థలానికి అద్దె ఉండదు. ఆయన కాగితపు మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. ఇల్లమ్మేసి ఆర్‌వీ కొనుక్కుని ఏడేళ్లవుతోందట. వేసవి ఇక్కడ, శీతాకాలం ఆరిజోనా ఎడారిలో. నాన్న తన రైల్వే ఇంగ్లిషులో ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1,072 మీటర్లనీ, ప్రపంచంలో అదే మొదటిదనీ చెప్పారు. ఆ కిరీటం 2013లో గోరఖ్‌పూర్‌కు, 2023లో హుబ్బళ్లికి పోయిందని మేమెవరం దిద్దలేదు. తర్వాత నాన్న, ‘‘ఇల్లెందుకు అమ్మేశారు?’’ అని సూటిగా అడిగారు. ఆయన నవ్వి, స్వేచ్ఛ కోసం అన్నారు. ఆవిడ మాత్రం కాసేపాగి, వైద్యం బిల్లుల గురించి చెప్పారు. రెండూ నిజమే అయి ఉంటాయి. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఇళ్లు, పొదుపు పోగొట్టుకుని వ్యాన్లలో, ఆర్‌వీలలో తిరుగుతూ గిడ్డంగుల్లో, తోటల్లో కూలి పనులు చేసుకున్న వృద్ధుల గురించి జెస్సికా బ్రూడర్ 2017లో ‘నోమాడ్‌ల్యాండ్’ పుస్తకం రాశారు. దాని ఆధారంగా తీసిన సినిమాకు 2021లో ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. మైదానంలో వరసగా నిలబడ్డ ఆర్‌వీలను బయటి నుంచి చూస్తే ఏది సెలవుదో, ఏది సంసారమో తెలియదు.

బయల్దేరే రోజు ఉదయం అసలు పని ఎదురైంది. ఆర్‌వీ కింద మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్లది, ఒకటి వంట, స్నానం నీళ్లు చేరేది, మూడోది మరుగుదొడ్డిది. క్యాంపు వదిలేముందు చివరి రెండింటినీ ‘డంప్ స్టేషన్’ దగ్గర ఖాళీ చేయాలి. అక్కడ సిబ్బంది ఎవరూ ఉండరు. నేలలో ఒక గొట్టపు నోరు, పక్కన కుళాయి, అంతే. అన్నయ్య రబ్బరు తొడుగులు వేసుకుని, లావాటి గొట్టం తగిలించి, ముందు మరుగుదొడ్డి వాల్వు తెరిచాడు. అది ఖాళీ అయ్యాక సబ్బునీళ్ల వాల్వు తెరిస్తే ఆ నీళ్లతో గొట్టం కడిగినట్టవుతుంది. వెనక నాలుగు బళ్లు వరసలో ఉన్నాయి. వాటి పక్కన తొడుగులు వేసుకుని నిలబడ్డవాళ్లలో ఒకరు దంతవైద్యుడని మాటల్లో తెలిసింది.

నాన్న మొహం చూడలేకపోయాను. ‘‘దీనికి మనిషి లేడేటి?’’ అన్నారు.

‘‘నేనే మనిషిని నాన్నా’’ అన్నాడు అన్నయ్య గొట్టం దులుపుతూ.

మా ఊళ్లో దానికి ఎప్పుడూ ‘మనిషి’ ఉండేవాడు. ఆ మనుషుల లైన్లు వేరు, పండుగలు వేరు, పెళ్లిళ్లు వేరు. రైలు మరుగుదొడ్లు నేరుగా పట్టాల మీదికి తెరుచుకున్నంత కాలం ప్లాట్‌ఫారాల మధ్య ఎవరో ఒకరు చీపురు పట్టుకుని దిగాల్సిందే. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, చాలక 2013లో ఇంకొకటి వచ్చాయి. బోగీలన్నింటికీ బయో టాయిలెట్లు బిగించడం దాదాపు 2019-20 దాకా సాగింది. ఇవన్నీ నేను వార్తలుగా రాసినవే. నాన్నకు అవి వార్తలు కావు. మరమ్మతుకు వచ్చిన పెట్టెను ముందు ఎవరో కడిగితేగానీ ఫిట్టరు దాని కిందికి దూరలేడు. ‘‘ముప్పై ఆరేళ్లు వాళ్లు కడిగిన పెట్టె కిందే పడుకుని పనిచేశాను తల్లీ. ఒక్కడి ఇంటికీ భోజనానికి పోలేదు’’ అన్నారు ఆ మధ్యాహ్నం, కిటికీలోంచి బయటికి చూస్తూ. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. అమెరికా ఏదో సమానత్వపు స్వర్గమని చెప్పడం నా ఉద్దేశం కాదు. అక్కడి హోటల్ గదులు, ఆసుపత్రి వరండాలు తుడిచే చేతుల రంగు, వాళ్ల పుట్టిన దేశం గమనిస్తే ఆ భ్రమ పోతుంది. కానీ సెలవు కోసం డబ్బు ఖర్చుపెట్టిన మనిషి తన మలం తానే పారబోసి, చేతులు కడుక్కుని, పక్కవాడితో వాతావరణం గురించి మాట్లాడటం చూశాక మనసులో ఏదో కుదురు తప్పుతుంది.

దారిలో బెమిజీలో వదిన ఒజిబ్వేలు చేత్తో కోసిన అడవి బియ్యం కొంది. వాళ్ల భాషలో మనోమిన్. సరస్సు నీళ్లలో పెరిగే నల్లటి పొడుగు గింజ. ఒకరు పడవను కర్రతో నెడుతుంటే, ఇంకొకరు రెండు పుల్లలతో కంకులను వంచి కొట్టి పడవలో రాల్చుకుంటారు. దాంతో పులిహోర చేయాలని వదిన ప్రయోగం. ముప్పావు గంట ఉడికినా గింజ పులుసుకు లొంగలేదు. పిల్లలు బ్రెడ్డు తిన్నారు. నాన్న మాత్రం రెండోసారి వడ్డించుకున్నారు.

మూడో రోజు హిబ్బింగ్. సరస్సులు చూడ్డానికి బయల్దేరినవాళ్లు ఇనుప గని ఊరికి ఎందుకు పోవాలని పిల్లలు గొడవ చేశారు. వర్క్‌షాపు మనిషికి ఇనుము పుట్టిల్లు చూపించాలని అన్నయ్య పట్టుపట్టాడు. హల్-రస్ట్ గని ఐదు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఎర్రటి లోయ. మనుషులు తవ్విందని నమ్మబుద్ధి కాదు. దాని అంచున ఒకప్పుడు హిబ్బింగ్ ఊరే ఉండేది. ఊరి కింద ఖనిజం ఉందని తేలాక, 1919లో మొదలుపెట్టి ఊరిని మూడు కిలోమీటర్ల దక్షిణానికి జరిపారు. మాట వరసకు కాదు. ఇళ్లను పునాదుల నుంచి పైకెత్తి, కింద దుంగలు పెట్టి, ఆవిరి యంత్రాలతో లాగించారు. రెండు వందల దాకా భవనాలు అలా నడిచి వెళ్లాయి. ఒక హోటలు దారిలోనే జారి కూలిపోయింది. బదులుగా కంపెనీ ఊరికి రాజభవనం లాంటి హైస్కూలు కట్టించింది. గాయకుడు బాబ్ డిలన్ చదివింది అక్కడే. పాత ఊరి కాలిబాటలు, దీపస్తంభాలు కొన్ని ఇప్పటికీ గడ్డిలో నిలబడి ఉన్నాయి. ఇళ్లు లేవు. నాన్న ఒక గుమ్మం మెట్టు లాంటి సిమెంటు దిమ్మ మీద కూర్చుని, ‘‘మనల్నయితే సామాను దించుకోమని నోటీసిస్తారు. ఇక్కడ ఇంటితో సహా నోటీసిచ్చారన్నమాట’’ అన్నారు.

ఆ రాత్రి శాండీ లేక్. ఆర్మీ ఇంజనీర్ల విభాగం నడిపే క్యాంపు మైదానం. సరస్సు ఒడ్డున గడ్డి, బెంచీలు, పిల్లల ఊయలలు, ఆర్‌వీకి కరెంటు. చూసిన వాటన్నింటిలో అందమైన చోటు అదే. లూన్ పక్షి చీకట్లో ఏడుపులా, నవ్వులా అరుస్తుంది. దానికి దగ్గర్లోనే 2000లో ఒజిబ్వేలు నెలకొల్పిన స్మారకం ఉంది. 1850 శరదృతువులో సుపీరియర్ సరస్సు తీరపు ఒజిబ్వేలకు ప్రభుత్వం ఒక కబురు పంపింది. ఒప్పందం ప్రకారం ఏటా ఇచ్చే డబ్బు, సరుకులు ఈసారి మీ ఊరి దగ్గర కాదు, శాండీ లేక్ దగ్గర ఇస్తాం, వచ్చి తీసుకోండి అని. అసలు ఎత్తుగడ వేరు. చలి ముదిరేదాకా జాప్యం చేస్తే వెనక్కి పోలేక పడమరనే స్థిరపడతారని లెక్క. వేల మంది వచ్చారు. వారాలు గడిచాయి. దొరికిన తిండి పాడైపోయినది. డబ్బు రాలేదు. ఆకలి, విరేచనాలు, తట్టుతో అక్కడే 150 మంది దాకా, మంచులో తిరుగు ప్రయాణంలో ఇంకొందరు, మొత్తం దాదాపు 400 మంది చనిపోయారు. అంత జరిగినా వాళ్లు ఉండిపోలేదు, ఇంటికే నడిచారు. 1852లో వృద్ధ నాయకుడు చీఫ్ బఫెలో వాషింగ్టన్ దాకా వెళ్లి తరలింపును ఆపమని అడిగాడు. 1854 ఒప్పందంతో వాళ్లకు తమ ప్రాంతంలోనే రిజర్వేషన్లు దక్కాయి.

సంక్షేమం ఎక్కడ పంచాలో నిర్ణయించేవాడి చేతిలో మనిషి ఎక్కడ బతకాలో నిర్ణయించే అధికారం కూడా ఉంటుందని తరగతి గదిలో చదువుకున్నాను. దానికి ఇంత కచ్చితమైన ఉదాహరణ ఊయలల పక్కన దొరుకుతుందనుకోలేదు. పొద్దున్నే ఆర్‌వీ ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు తొడుగులు నాన్న చేతికి ఉన్నాయి. అన్నయ్య వద్దన్నాడు. ఆయన వినలేదు. వాల్వు ఏది ముందో, ఏది తర్వాతో ఒక్కసారి చూసి నేర్చుకున్నారు. గొట్టం బిగింపు వదులుగా ఉందని దాన్నీ సరిచేశారు.

చివరి మజిలీ సుపీరియర్ సరస్సు ఒడ్డున టూ హార్బర్స్. సరస్సంటే మనకు తట్టే కొలతలేవీ పనికిరావు. విస్తీర్ణం 82,000 చదరపు కిలోమీటర్ల పైమాటే, అంటే తెలంగాణలో దాదాపు ముప్పాతిక భాగం. అవతలి ఒడ్డు కనిపించదు. నీళ్లు జూలైలో కూడా చేతులు కొంకర్లు పోయేంత చల్లన. గనుల నుంచి వచ్చే ఇనుప ఖనిజం రైళ్లు రేవులో ఎత్తయిన ఇనుప వంతెనల మీదికి ఎక్కుతాయి. అక్కడి నుంచి ఖనిజం ఓడలోకి జారుతుంది. నాన్న రెండు గంటలు కదలలేదు. ఒక్కో ఓడలో ఎన్ని వ్యాగన్లు పడతాయో లెక్కలు వేశారు.

రాత్రి భోజనాలయ్యాక అన్నయ్య ఆ మాట ఎత్తాడు. కొనేవాళ్లు దొరికారట. ధర కూడా చెప్పాడు. ఖరగ్‌పూర్ లెక్కల్లో మంచి ధరే. నాన్న విన్నారు. గడియారం చూశారు. అక్కడ రాత్రి తొమ్మిది. సుభాష్‌పల్లిలో మర్నాడు ఉదయం ఏడున్నర. ఫోన్ తీసి పక్కింటివాళ్లకు చేసి బెంగాలీలో మాట్లాడటం మొదలుపెట్టారు. వానలెలా ఉన్నాయి? మేడ మీద తూర్పు మూల నీళ్లు నిలుస్తున్నాయా? మునగ కొమ్మ కరెంటు తీగ మీదికి వాలితే కొట్టించండి. ముందుగదిలో చెమ్మ దిగితే బీరువా గోడకు దూరంగా జరపండి. సెప్టెంబర్‌లో వచ్చేస్తున్నాను, పూజలకు ముందే సున్నాలు వేయించాలి, మేస్త్రీకి ఇప్పుడే చెప్పి ఉంచండి, తర్వాత దొరకడు.

మాట్లాడుతూనే ఉన్నారు. అన్నయ్య కాసేపు చూసి లేచి, ఆర్‌వీకి కరెంటు తీగ తగిలించడానికి వెళ్లాడు.